గోరు మందం

కళ్ళు పోతున్నాయని నా భార్య నాకు చెప్పలేదు. తప్పు ఆమెది. ఇది తేలిపోయిన విషయం, ఎవరు ఎటునుంచి తిరగేసి అడిగినా మారదు. ఇప్పుడు నేను నా గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాను. గుమ్మం బయట నేల పచ్చిగా ఉంది. వంటగది ముందు నేల కింద గొట్టం పగిలి నీళ్ళు ఊరుతుంటే టైల్స్ పగలగొట్టించి, గొట్టం మార్పించి, పొద్దున మళ్ళీ వేయించాం, నా గుమ్మానికీ వంటగది గుమ్మానికీ మధ్య రెండు వరసలు. కింద గమ్ము ఇంకా పట్టలేదు. అడుగు పడితే కుంగుతాయి. వంటగదిలో నా కూతురు ఉంది. నేను అటు పోలేను, తను ఇటు రాలేదు. మేస్త్రీ మా ఇద్దరి మధ్యా అడ్డంగా ఒక చీపురు పడుకోబెట్టి భోజనానికి వెళ్ళాడు. వెళుతూ వెళుతూ ఒక మాట అనేసి వెళ్ళాడు. అన్నవాడు ఈపాటికి కడుపునిండా తింటూ ఉంటాడు. విన్నవాళ్ళకే ఆకలి చచ్చింది.

అతన్ని దారం మేస్త్రీ అంటారు. ఎప్పుడూ చెవికి దారపు చుట్ట ఒకటి తగిలించుకుని తిరుగుతాడు, ఆ దారం లాగి కట్టందే ఒక్క టైలు పెట్టడు, పెట్టినంతసేపూ నోరు మూయడు. ఈ ఇంటికి మొదట టైల్స్ వేసిందీ అతనే. తన పని తనే మెచ్చుకుంటాడు. "నా మట్టం మీద గోలీకాయ పెడితే ఎటు పోవాలో తెలీక ఏడుస్తుంది బాబాయ్" అంటాడు. పొద్దున చివరి టైలు రబ్బరు సుత్తితో తట్టి కూర్చోబెడుతూ, "ఈ మూల నాకు బాగా గుర్తు. ఇదే కదా పిన్ని వద్దంటున్నా మీరు తీయించింది" అన్నాడు. పలక్కపోతే ఊరుకునే రకం కాదు. "కాలికి గుర్తు, ఉండనీ నాయనా అంది పాపం. మీరు వింటేనా!" వంటగది గుమ్మంలో నా కూతురు నిలబడి ఉంది, చేతిలో గరిటె. "కాలికి గుర్తేంటన్నా?" అంది. "అదేనమ్మా, పిన్నికి అప్పటికే చూపు ఆనడం లేదుగా. నేను ఇటుంటే అటు గోడతో మాట్లాడింది. నాకెందుకులే, బాబాయ్‌కి తెలియని విషయమా" అని చేతులు కడుక్కుని, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. నా కూతురు కదల్లేదు. "నాన్నా, నీకు అప్పటికే తెలుసా?" అంది. "ఆరనీ" అన్నాను. "నేనడిగింది నేల సంగతి కాదు." "నడవడానికి వీలయ్యాక వచ్చి అడుగు" అన్నాను. "నీతో ఎప్పుడూ ఇంతే. కాలికేస్తే మెడకేస్తావు, మెడకేస్తే కాలికేస్తావు" అని లోపలికి పోయింది. నేల ఆరగానే వస్తుంది. వచ్చి ఇక్కడే, ఈ స్టూలు మీద, నాకు ఎదురుగా కూర్చుంటుంది. వాళ్ళమ్మ లాంటిది కాదు. వదలదు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి చెప్పినదే. డాక్టరు చెప్పేదాకా నాకూ తెలియదమ్మా అని. అప్పుడు తను నా భుజం మీద తలపెట్టి, "అమ్మ మనిద్దరి దగ్గరా దాచింది నాన్నా. నన్ను కూతుర్ననుకోలేదు" అని ఏడ్చింది. నేను వీపు నిమిరాను. ఆ ఏడుపు కోపంగా మారి తనలో గడ్డకట్టింది, తల్లి పోయాక కూడా కరగలేదు, తన ఇంట్లో ఏ గోడకీ తల్లి ఫోటో లేదు. నాలుగు వీధుల అవతలి నుంచి రోజూ పొద్దున్నే వస్తుంది, వండిపెడుతుంది, నా మందులు చూస్తుంది, నాతో పోట్లాడుతుంది, పోతుంది. ఒకే మనిషి చేతిలో మోసపోయినవాళ్ళం ఇద్దరం ఒక జట్టు. ఆ జట్టు మీదే నాకు పూట గడుస్తోంది. అదే మాట మళ్ళీ చెప్పాలి, అంతే. గమ్ము వాసన గదిలోకి వస్తోంది, తడిసిన సున్నంలా, కొంచెం ఘాటుగా. ఫ్యాను తిప్పితే త్వరగా ఆరుతుందేమో. వద్దు. మెల్లగానే ఆరనీ. టైలు వేశాక దారం మేస్త్రీ నాణెంతో ఒక్కొక్కదాన్నీ కొట్టి వింటాడు, కింద నిండుగా ఉంటే ఒక పలుకు, డొల్లగా ఉంటే ఇంకో పలుకు. నా కూతురు అడిగే పద్ధతీ అంతే. జవాబు వినదు, పలుకు వింటుంది.

ఆ టైల్స్ కొన్నరోజున బయట ఎండ మండిపోతోంది. అద్దాల తలుపుల టైల్స్ దుకాణం. లోపల పట్టపగలే అన్ని దీపాలూ వెలుగుతున్నాయి. టైల్స్‌ని పుస్తకంలో కాగితాల్లా చట్రాలకి బిగించి నిలబెట్టారు, ఒక్కొక్కటి తిప్పితే ఒక్కో మెరుపు. నేను తిప్పుతూ పోయాను. ఆమె నా వెనకే, నా మోచెయ్యి పట్టుకుని. పెళ్ళయిన కొత్తలో కూడా బయట నా చెయ్యి పట్టుకోని మనిషి. కొత్త చోటు, నున్నటి నేల, జారుతానని భయమేమో అనుకున్నాను. అనుకున్నానా? అలా అనుకుంటే సుఖంగా ఉంటుందని అనుకున్నాను. ఆమె తిప్పే చట్రాల జోలికే పోలేదు. నేల మీద నమూనాకి పరిచిన టైల్స్ దగ్గర చెప్పులు విడిచి, ఒక్కోదాని మీదా నిలబడి, బొటనవేలితో రాసి చూసింది. అమ్మేవాడు నవ్వాడు. "టైలు కంటితో చూసి కొంటారమ్మా, కాలితో కాదు." "కంటితో చూసేవి గోడకి వేసుకో బాబూ. నేలని తొక్కేది కాళ్ళేగా" అంది. దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోటి దగ్గర ఆమెను గెలిచినవాడు లేడు. ఆ నోటితోనే చెప్పొచ్చుగా. ఇసుక అంటినట్టుండే ఒక గరుకు రకం దగ్గర ఆమె కాలు ఆగింది. చాలాసేపు ఆగింది. "ఏమండీ, ఇది గుమ్మాల దగ్గర ఒక్కో వరస వేయిద్దామా? మిగతా ఇల్లంతా మీ ఇష్టం" అంది. "ఇంటిని అతుకుల బొంత చేస్తావా?" అన్నాను. "బొంతైతే వెచ్చగానన్నా ఉంటుంది" అని ఊరుకుంది. నేను మెరిసే తెల్ల పోర్సలిన్ రకం తీసుకున్నాను. మొదటి గది నుంచి చివరి గది దాకా ఒకటే. గడపలు కూడా తీయించేశాను. జాయింట్లు వెంట్రుకంత సన్నం ఉండాలన్నాను. ఇల్లంతా కలిపి ఒకటే పలక పరిచినట్టు ఉండాలన్నాను. బయల్దేరేటప్పుడు ఆమె చెప్పుల కోసం కాలితో తడుముతోంది. ఎదురుగానే ఉన్నాయి. నేను నా కాలితో వాటిని ఆమె కాలి దగ్గరికి తోశాను. తెలియనివాడు ఎందుకు తోస్తాడు? మర్యాద. మొగుడు పెళ్ళానికి మర్యాద చేయకూడదా.

చదునంటే నాకు పిచ్చి. ఇందులో దాపరికం లేదు. నేను చదివింది పల్లెటూరి బడి. నేల మట్టిది, ఎవరు కూర్చునేచోట వాళ్ళ గుంట ఉండేది. పలక పెడితే ఒరిగేది, రాసిన అక్షరమూ ఒరిగేది, అక్షరం ఒరిగితే పంతులు కణుపుల మీద కొట్టేవాడు. నేల చేసిన తప్పుకి నా వేళ్ళు వాచాయి. ఆ తరవాత బతుకంతా కార్ఖానాలో లేత్ మిషను ముందు నిలబడ్డాను. ఇనుము తిరుగుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా లేచేది, కింద నుంచి నునుపు బయటికి వచ్చేది. రెండు ముక్కలు కలిసేచోట బొటనవేలి గోరు అడ్డంగా గీసి చూసేవాణ్ణి. గోరు తట్టుకుంటే ముక్క వెనక్కి. ఎవరి ముక్కైనా సరే, ఎవరు బతిమాలినా సరే. "కంటికి అందనిది గోరుకి అందుతుంది" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేవాణ్ణి. ఆ మాటకి నాకు పేరుండేది. ఆ పేరు మోసుకుని సాయంత్రం ఇంటికి వచ్చేవాణ్ణి, చేతుల నుంచి నూనె వాసన వస్తుండగానే ఆమె వంటగదిలోంచి "వచ్చారా" అనేది, నేను గొంతు విప్పకముందే. నా అడుగు చప్పుడు ఆమెకు తెలుసు. ఏ రోజు ఎవరితో గొడవపడి వచ్చానో కూడా అడుగులో పట్టేది. నేను ఆమె అడుగుని ఎప్పుడూ వినలేదు. వినాల్సిన పని పడలేదు, ఆమె నాకు కనిపించేది కదా.

వంటగదిలో డబ్బా మూత చప్పుడు. నా కూతురు ఉప్పు వెతుకుతోంది. ఏ డబ్బా ఎక్కడ పెట్టిందో తనకే తెలియదు, ఒకచోట తీసి ఇంకోచోట పెడుతుంది. వాళ్ళమ్మ ఉన్నప్పుడు డబ్బా అంగుళం జరిగితే ఇల్లు లేచిపోయేది. "నా రాజ్యంలో వేలు పెట్టొద్దు" అనేది. పొగరనుకున్నాను. టీ పోస్తూ గ్లాసు అంచులోపల వేలు పెట్టేది, చురుక్కుమనగానే ఆపేది. అదేంటని అడిగితే, "వేడి చూస్తున్నా. మీ నాలుక కాలితే తిట్టేది నన్నేగా" అనేది. పేపరు నన్నే పైకి చదవమనేది. "మీ గొంతులో అబద్ధాలు కూడా బాగుంటాయి" అనేది. ఒక్కొక్కటీ ఒక్కో పొట్టు. పొట్టు లేస్తుంటే కింద ఏం బయటపడుతోందో లేత్ మీద పనిచేసినవాడికి తెలియదా? తేల్చుకుందామని ఒక మధ్యాహ్నం ఈ గదిలోంచి వెళ్ళి, నడవలో ఆమె వచ్చే దారికి అడ్డంగా నిలబడ్డాను. ఊపిరి బిగబట్టి. అప్పటికి టైల్స్ మాటే లేదు, పాత సిమెంటు గచ్చు. కిటికీలోంచి వెలుతురు నా మీదే పడుతోంది. ఆమె వంటగదిలోంచి వచ్చింది, తలెత్తి, నేరుగా నా వైపే. ఎవరూ లేని ఇంట్లో మనిషికి ఉండే ముఖం ఒకటుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకు ఆ ముఖం ఉందని నాకు తెలియదు. ఆ ముఖంతో వచ్చి నాకు తగిలింది. అరచెయ్యి నా చొక్కా మీద ఆనింది. ఒక్క క్షణం ఆ చెయ్యి నేనెవరో వెతుక్కుంది. వెంటనే ముఖం సర్దుకుని, "దారికి అడ్డంగా స్తంభంలా నిలబడ్డారేంటి, తప్పుకోండి" అంది. చూసినట్టే అంది. నేను తప్పుకున్నాను.

అప్పుడు అడగొచ్చు. అడిగితే నిజమవుతుంది. నిజమైతే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, బజారుకి తీసుకెళ్ళాలి, కూరగాయల బండి దగ్గర పక్కన నిలబడి ఇది పచ్చిది, ఇది పండింది అని చెప్పాలి. మా వీధి చివర ఒక దర్జీ ఉండేవాడు, నడవలేని భార్యని భుజం ఆసరా ఇచ్చి సాయంత్రం పూట బయట తిప్పేవాడు. టీ కొట్టు దగ్గర కూర్చునే మా కార్ఖానా జట్టు ఆ ఇద్దరినీ చూసి నవ్వేది. జోడెద్దులు అని పేరు పెట్టింది నేనే. అది అందరికీ నచ్చింది, వాళ్ళు మలుపు తిరిగేసరికి ఎవడో ఒకడు "హై హై" అని అదిలించేవాడు. దర్జీ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు, నన్నే చూశాడు. ఇప్పుడు నేను అదే వీధిలో, అదే కొట్టు ముందు నుంచి ఆమెను నడిపించాలా? ఆమె దాచినంతకాలం నాకు సెలవు. ఆమె దాచింది, నేను దాచుకోనిచ్చాను. అయినా ముందు దాచింది ఎవరు? ఆమె. ముందు దాచినవాళ్ళదే తప్పు.

టైల్స్ వేసిన రోజున కూడా దారం మేస్త్రీ ఇలాగే చీపురు పడుకోబెట్టి వెళ్ళాడు. "రేపటిదాకా ఎవర్నీ తొక్కనివ్వకండి బాబాయ్, దేవుడొచ్చినా వీధిలోనే కూర్చోమనండి" అన్నాడు. నేను ఆమెకు చెప్పాను. లేదు, చెప్పలేదు. చీపురు ఉంది కదా, అదే చెబుతుందనుకున్నాను. ఆమె గదిలోంచి వంటగదికి బయల్దేరింది, చీపురు కాలికి తగిలితే ఎవరో అడ్డదిడ్డంగా పడేశారనుకుని, వంగి తీసి, గోడకి నిలబెట్టి మరీ వెళ్ళింది. వంటగది గుమ్మం ముందు ఆఖరున వేసిన టైలు మీద మడమ పడింది. ఒక మూల కుంగింది, ఎదుటి మూల లేచింది. మర్నాటికి అలాగే బిగుసుకుపోయింది. గోరు మందం. అంతే. మేస్త్రీ తల బాదుకున్నాడు. "పిన్నీ, నా మట్టం పరువు తీశావు!" "వాడేది మేమేగా. నీ పరువు నేను కాపాడతాలే" అంది, నవ్వుతూ, అతను నిలబడిన చోటికి కొంచెం పక్కగా చూస్తూ.

పాత గచ్చు మీద ఆమెకు అన్నీ ఉండేవి. ఈ గది ముందు ఒక పగులు, నడవ మధ్యలో నడిచి నడిచి అరిగిన పల్లం, వంటగదికి గడప. నేను అన్నిటినీ చదును చేసేశాను. ఎక్కడ నిలబడినా ఒకటే చల్లదనం, ఒకటే నునుపు. మొదటి రోజు ఆమె నడవలో నిలబడిపోయింది, సొంత ఇంట్లో, ఎవరింటికో వచ్చిన మనిషిలా, ఎటు పొమ్మంటారు అన్నట్టు. ఆ లేచిన మూల ఒక్కటే ఆమెకు మిగిలింది. దాన్ని కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. గదిలోంచి వచ్చేది, ఎడమకాలి బొటనవేలు ముందుకు జార్చేది, మూల తగలగానే ఆగేది, తిరిగేది, వంటగదిలో ఉండేది. అక్కణ్ణుంచి మళ్ళీ ఆమె రాజ్యం, డబ్బాలు వరసలో, గరిటెలు కొక్కేలకి, స్టవ్ మీట కుడిచేతికి. నేను ఈ మంచం మీదే పడుకుని పేపరు అడ్డం పెట్టుకుని చూసేవాణ్ణి. బొటనవేలు వెతకడం. దొరకడం. దొరకగానే ఆమె భుజాలు కిందికి దిగడం. ఆ భుజాలు దిగే క్షణం కోసం నేను పేపరు పక్కకి తప్పించేవాణ్ణి. ఇక్కడ ఎవరూ వినడం లేదు, వంటగదిలో కుళాయి నీళ్ళ చప్పుడులో నా కూతురికీ వినపడదు, నేను పైకి అనడమూ లేదు. నాకు తెలుసు.

మా కార్ఖానా పాత ఫోర్‌మన్ ఇల్లు చూడటానికి వచ్చాడు. ఇల్లంతా తిరిగి, బాగుంది బాగుంది అంటూ, వంటగది దగ్గర అతని కాలు తట్టుకుంది. వంగి చూసి పకపకా నవ్వాడు. "ఏరా, ఊళ్ళో వాళ్ళ ముక్కలన్నీ గోరు తగిలిందని వెనక్కి కొట్టావు, నీ ఇంట్లో లేచిందేంట్రా? బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత!" నేనూ నవ్వాను. టీ తెచ్చిచ్చింది ఆమే, ఆ మూల మీదుగానే వచ్చి ఇచ్చింది. అతను వెళ్ళాక వంగి గోరు గీశాను. తట్టుకుంది. ఒక మనిషి నవ్వితే నేను ఆగలేను. మర్నాడే దారం మేస్త్రీని పిలిపించాను. ఉలి పెట్టబోతుంటే ఆమె గదిలోంచి వచ్చింది. "దాన్ని ఉండనివ్వండి" అంది నాతో. తరవాత మేస్త్రీ అటున్నాడనుకుని గోడ వైపు తిరిగి, "కాలికి గుర్తు, ఉండనీ నాయనా" అంది. మేస్త్రీ గోడని చూశాడు, ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "గుర్తేంటే? నీ ఇంట్లో నీకు గుర్తు కావాలా?" అన్నాను. అడిగాను కదా. చెప్పడానికి సందు ఇచ్చాను కదా. ఔను కావాలి, నాకు కనపడటం లేదు అనొచ్చు కదా. ఆమె నోరు తెరిచింది. ఎవరి దగ్గరా ఓడని నోరు. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను, ఆమె అనాలి, నేను వినాలి, విని, అయ్యో ముందే చెప్పొద్దూ అనాలి, అప్పుడు ముందు దాచింది ఆమే అవుతుంది, నేను ఇప్పుడే తెలిసినవాణ్ణి అవుతాను. ఆమె నోరు మూసుకుంది. నా గొంతులో అబద్ధం ఆమెకు తెలుసు. "సరే, మీ ఇష్టం" అంది. ఉలి దెబ్బకి టైలు నిలువునా చీలింది. కొత్తది దారం మట్టానికి కూర్చుంది. గోరు గీశాను. గోరు ఎక్కడా ఆగలేదు.

ఆ వారంలోనే నడవ గోడ మీద, నడుమెత్తున, మసక గీత ఒకటి మొదలైంది. అరచెయ్యి ఆనించి నడిచిన గీత. అప్పట్లో ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే కూతురు అది చూసి, "ఈ గోడంతా ఎవరే ఇలా చేసింది?" అంది. "పక్కింటి పిల్లలు" అంది వాళ్ళమ్మ. నేను పేపరు తిప్పాను. తరవాత ఆ గీత ముదరడం కూడా ఆగిపోయింది, ఆమె నడవడం తగ్గించేసింది కాబట్టి. కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. రాజ్యం నా చేతికి వచ్చింది. టీ నేనే పెట్టాల్సి వచ్చేది. "ముసలితనంలో నాకు సేవ చేసే యోగం పట్టింది మీకు" అనేది. నేను గ్లాసు ఆమె పక్క బల్ల మీద ఠక్కున పెట్టేవాణ్ణి. అది విసుగని ఆమె అనుకోవాలి. చప్పుడైతే గ్లాసు ఎక్కడుందో తెలుస్తుందని పెట్టేవాణ్ణి. విసుగు కూడా కొంత ఉంది. ఎంత విసుగో ఎంత కాదో విడదీయమంటే ఇప్పుడు నా వల్ల కాదు.

ఆమెను నేల చంపలేదు. ఇదీ తేలిపోయిన విషయం. ఊపిరితిత్తులు. ఆసుపత్రిలో డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూసి, "ఇదెప్పటి నుంచి?" అన్నాడు. నా కూతురు పక్కనే ఉంది. "ఏది?" అన్నాను నేను. ఆమె మంచం మీద నుంచి విన్నది. ఆమె తల కొంచెం నా గొంతు వైపు తిరిగింది. అప్పుడైనా అనొచ్చు, ఈయనకి తెలుసు అని. అనలేదు. నన్ను కాపాడటానికి ఊరుకుందా, నా ముఖాన ఉమ్మినట్టు ఊరుకుందా, అదీ చెప్పలేదు. ఏదీ చెప్పదు. ఆఖరి రోజుల్లో దుప్పటి కింద ఆమె ఎడమకాలి బొటనవేలు కదులుతుండేది. ముందుకు జారి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ జారి. నర్సు నరాల బలహీనత అంది. ఔనన్నాను.

నీళ్ళ చప్పుడు ఇంకా వస్తోంది. నా కూతురు గిన్నెలు కడుగుతోంది, వీపు ఇటువైపు. వాళ్ళమ్మలా ఎడమ భుజం కొంచెం పైకి. నేను మంచం దిగాను. గుమ్మం దాకా వెళ్ళాను. కొత్తగా వేసినవి పాత పెట్టెలో మిగిలినవే, ఇన్నాళ్ళూ ఈ మంచం కిందే ఉన్నాయి. దాచమంది ఆమే. "ఎప్పుడైనా పగిలితే మళ్ళీ ఇదే రంగు దొరకదు" అంది. రంగు. ఆమెకు ఏం రంగు. మేస్త్రీ పని బాగుంది, రెండు వరసలూ నిశ్చలంగా ఉన్న నీళ్ళలా ఉన్నాయి. ఆరగానే తను వాటి మీద నడిచి వస్తుంది, ఎక్కడా ఏదీ తగలదు. ఈ స్టూలు మీద కూర్చుంటుంది. డాక్టరు చెప్పేదాకా నాకూ తెలియదమ్మా. నోటిలోనే అని చూశాను. డొల్లగా పలికింది. తలుపు చట్రం పట్టుకున్నాను. చీపురు దాటి, మొదటి వరస మీదుగా ఎడమకాలు చాచాను. మోకాలు కలుక్కుమంది. రెండో వరసలో, వంటగది గుమ్మం ముందున్న టైలు, దాని ఇవతలి మూల మీద మడమ పెట్టి బరువు వేశాను. ముందు కదల్లేదు. ఇంకొంచెం వేశాను. మెత్తగా, చప్పుడు లేకుండా కుంగింది. ఎదుటి మూల లేచింది, జాయింటులోంచి బూడిదరంగు గమ్ము ఉబికింది. కాలు వెనక్కి రావడం లేదు. చట్రానికి వేలాడుతున్నాను, ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ. నీళ్ళ చప్పుడు ఆగింది. నా కూతురు ఇటు తిరిగి ఉంది. నా మడమని చూసింది, లేచిన మూలని చూసింది, నన్ను చూసింది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఇప్పుడా, నాన్నా?" అంది.

అంతే అంది. అడగడానికి వచ్చేపని ఇక లేదు. కేకలేస్తే బాగుండేది, కేకలకి నా దగ్గర కేకలున్నాయి. ఎలాగో కాలు వెనక్కి లాక్కుని గుమ్మంలో కూలబడ్డాను. తను వచ్చి పట్టుకోలేదు, నేల పచ్చిగా ఉంది, రావడానికి వీల్లేదు, అందుకే రాలేదు అనుకున్నాను. అలా అనుకుంటే సుఖంగా ఉంటుంది. అంతలో దారం మేస్త్రీ తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చాడు, చూశాడు, గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "ఓరి నాయనో, ఎవరు తొక్కారు? ఈ మూలకి నా మీద పగేమైనా ఉందా బాబాయ్, ప్రతిసారీ ఇదేనా!" వంగి వేలితో నొక్కి చూశాడు. "ఇంకా పట్టలేదులే. రెండు తట్లు తడితే కూర్చుంటుంది" అని సుత్తి అందుకున్నాడు. నా కూతురి వైపు చూసి, "కూర్చోబెట్టనా అమ్మా?" అన్నాడు. "ఆయన్నడుగు" అంది తను. నాన్నని అడుగు అనలేదు. ఆయన్నడుగు అంది. అతను నా వైపు తిరిగాడు. "ఉండనీ" అన్నాను. "ఉండనివ్వడమేంటి? అప్పుడేమో గోరు మందం ఉందని చంపుకుతిన్నారు, ఇది దానికి తాత! నడిచేవాళ్ళ కాలికి తగులుతుంది." "తగలనీ" అన్నాను. "కారణం చెప్పండి పోనీ." "లేదు." అతను దారం చుట్టి చెవికి తగిలించుకున్నాడు. "మా మేస్త్రీలు ఎవరైనా చూస్తే నా పేరు చెప్పకండి" అని వెళ్ళిపోయాడు.

నేల ఆరాక నా కూతురు పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టింది. తను కూర్చునే స్టూలు మీద. "తినండి" అంది. ఎప్పుడూ తిను నాన్నా అనేది. వెళుతూ ఆ టైలు దగ్గర ఆగింది. నేను మంచం మీద నుంచి చూస్తున్నాను, చేతిలో పేపరు కూడా లేదు. ఎడమకాలి బొటనవేలు ముందుకు జార్చింది. మూల తగిలింది. అక్కడే నిలబడింది, నాకు వీపు పెట్టి. భుజాలు దిగలేదు. వణికాయి. తరవాత వీధి తలుపు చప్పుడైంది. రేపు పొద్దున వస్తావా అని నేను అడగలేదు, తను చెప్పలేదు. చెప్పకపోవడం మా ఇంట్లో కొత్త కాదు. ఆ మూల ఎంత లేచిందో వంగి గోరు గీసి చూడలేదు. చూడను. కళ్ళు పోతున్నాయని నా భార్య నాకు చెప్పలేదు, తప్పు ఆమెది. ఈ మాట ఇదే ఆఖరు. ఇక నా కూతురు అడిగినా, ఇంకెవరడిగినా దీని గురించి నోరు విప్పను. నాలో నేను కూడా అనుకోను.